ఆకాశం లెక్క తేల్చిన పక్కూళ్లు

సూర్యుడిలో ఏముంది? ఆ చుక్క ఎంత దూరంలో ఉంది? ఈ రెండు ప్రశ్నలకు ప్రపంచం జవాబు వెతుక్కున్న దారి నగరికి ఇరుగుపొరుగు ఊళ్ల మీదుగా కూడా సాగింది.

పుత్తూరు ప్రాంతంలో రైలు కిటికీలోంచి కనిపించే కొండకొమ్మును నగరి ముక్కు అంటారు. బంగాళాఖాతంలో ఓడలు నడిపినవాళ్లకు అది పాత ఆనవాలు. తీరం తేటగా కనపడకముందే కొండ కనపడేది. దాన్ని చూసి మద్రాసు దగ్గరపడిందని తెలుసుకునేవాళ్లు. ఆ కొండను మధ్యలో పెట్టుకుని చుట్టూ సుమారు 125 కిలోమీటర్ల దాకా ఒక గీత గీసుకుందాం. ఆగ్నేయాన చెన్నైలోని నుంగంబాక్కం వస్తుంది. నైరుతిన జవ్వాది కొండల్లోని కావలూరు, ఈశాన్యాన శ్రీహరికోట వస్తాయి.

మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగే నగరి పిల్లలకు శ్రీహరికోట తెలుసు. రాకెట్ వదిలే రోజున మిద్దెలెక్కి తూర్పుకేసి చూస్తారు. మిగతా రెండు ఊళ్ల సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు. పాఠాల్లో కోపర్నికస్, గెలీలియో, కెప్లర్, న్యూటన్, హబుల్ వస్తారు. రావాల్సిందే. భూమిని విశ్వానికి నడుమ నుంచి తప్పించినవాళ్లు, పాలపుంత అవతల కూడా లోకాలున్నాయని చూపినవాళ్లు వాళ్లు. కానీ ఆ పని అంతా ఎక్కడో ఇటలీలో, ఇంగ్లండ్‌లో, అమెరికాలోనే జరిగిందన్న భావంతో పిల్లలు పెరుగుతున్నారు. నన్ను బాధపెట్టేది అదే. విశ్వం గురించి మనిషికి తెలిసినదాంట్లో కొంత భాగం మనం గీసుకున్న ఈ గీత లోపలే తేలింది. ఇంకొంత గుంటూరులో తేలింది.

తెలుగు అక్షరాలున్న రాతి స్తంభం

నుంగంబాక్కంలో వాతావరణ శాఖ కార్యాలయం ఉన్న ఆవరణలో ఒక గ్రానైటు స్తంభం ఉంది. 1786లో విలియం పెట్రీ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి సొంత డబ్బుతో మద్రాసులో చిన్న అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. తర్వాత కంపెనీ దాన్ని తీసుకుని 1792లో నుంగంబాక్కంలో భవనం కట్టించింది. చుక్క నడినెత్తి గీతను దాటే క్షణాన్ని పట్టుకోవాలంటే టెలిస్కోపు వెంట్రుకవాసి కూడా కదలకూడదు. అందుకని సుమారు పది టన్నుల ఒంటిరాయిని నిలబెట్టి దాని మీద పరికరాన్ని బిగించారు. ఈ పని ఎప్పుడు మొదలైందో వెయ్యేళ్ల తర్వాత వచ్చేవాళ్లకు కూడా తెలియాలని రాతి మీద శాసనం చెక్కించారు. లాటిన్, తమిళం, హిందుస్థానీతో పాటు తెలుగులోనూ చెక్కించారు. దేశంలో ఆధునిక ఖగోళశాస్త్రం తొలి అడుగులు వేసిన చోట రాతి మీద మన అక్షరాలున్నాయి. చెన్నైకి చీరల బేరానికో, ఆస్పత్రికో పోయే నగరి జనంలో ఎంతమంది వాటిని చూసుంటారు?

ఆ స్తంభం దగ్గర జరిగిన పని పైకి చప్పగా ఉంటుంది. ఫలానా చుక్క ఫలానా సెకనుకు గీత దాటింది అని రాసుకోవడం, మళ్లీ మర్నాడు రాసుకోవడం. ఏళ్ల తరబడి అదే. కానీ ఆ రాతల నుంచే స్థానిక సమయం తేలింది. దాన్ని గ్రీనిచ్ సమయంతో పోల్చితే మద్రాసు రేఖాంశం తేలింది. 1802లో విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలుపెట్టి దేశమంతా కొలిచిన మహా సర్వేకు ఆ రేఖాంశమే ఆధారం. రైళ్లు వచ్చాక గడియారాలన్నీ ఒక్క సమయానికి తిప్పాల్సి వచ్చింది. రైల్వేలు తీసుకున్నది మద్రాసు టైమునే. అబ్జర్వేటరీలో చుక్కలను చూసి సరిచేసిన గడియారం టిక్కుటిక్కులు టెలిగ్రాఫ్ తీగల మీద స్టేషన్లకు చేరేవి. 1906లో భారత ప్రామాణిక సమయం వచ్చేదాకా అరక్కోణం నుంచి నగరి, పుత్తూరు, రేణిగుంట మీదుగా పోయిన బండ్లు నడిచింది ఆ చుక్కల లెక్క మీదే.

అక్కడే టి.జి. టేలర్ పదకొండు వేల నక్షత్రాల స్థానాలు కొలిచి పట్టిక వేశారు. టేలర్ దగ్గర పాఠం నేర్చుకున్న తెలుగువాడు గోడే వెంకట జగ్గారావు. ఆయన 1840లో విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో సొంత అబ్జర్వేటరీ కట్టుకున్నారు. ఓడలవాళ్లు గడియారాలు సరిచేసుకోవడానికి డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కర్ర నిలబెట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పనిని ముందుకు తీసుకెళ్లి 1868 గ్రహణాన్ని, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని గమనించారు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనకు సభ్యత్వం ఇచ్చింది.

గుంటూరు గ్రహణం

1835లో ఆగస్ట్ కోంట్ అనే ఫ్రెంచి తత్వవేత్త ఒక మాట రాశారు. నక్షత్రాలు దేనితో తయారయ్యాయో మనిషికి ఎన్నటికీ తెలియదని దాని సారాంశం. తప్పుపట్టలేం. అక్కడిదాకా వెళ్లి గుప్పెడు మట్టి తెచ్చేవాళ్లెవరు? పాతికేళ్లు తిరగకుండానే జర్మనీలో కిర్హాఫ్, బున్సెన్ దారి కనిపెట్టారు. వెలుగును పట్టకం గుండా పంపి రంగులుగా విడదీస్తే, ఒక్కో మూలకం తనదైన చోట తనదైన గీతలు వేస్తుంది. దీపం ముందున్నా, కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్నా అవే గీతలు.

స్పెక్ట్రోస్కోపు అనే ఈ కొత్త పరికరాన్ని సంపూర్ణ సూర్యగ్రహణం మీద గురిపెట్టే పెద్ద అవకాశం 1868 ఆగస్టు 18న వచ్చింది. ఆనాటి చంద్రుడి నీడ బీజాపూర్ వైపు నుంచి వచ్చి తెలుగునేల మీదుగా మచిలీపట్నం దగ్గర సముద్రంలోకి దిగి సయాం దాకా సాగింది. గుంటూరుకు బ్రిటిష్ వాళ్ల తరఫున మేజర్ టెనెంట్ బృందం, ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ వచ్చారు. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పోగ్సన్ ఉన్నారు. పోగ్సన్ సహాయకుడు చింతామణి రఘునాథాచారి మరో బృందంతో వనపర్తికి వెళ్లారు.

గుంటూరులో ఆరు నిమిషాలకు కాస్త తక్కువగా చీకటి పడింది. సూర్యుడి అంచున ఎగసే ఎర్రటి జ్వాలలు కనపడ్డాయి. అవి దేనితో తయారయ్యాయన్న దాని మీద అప్పటిదాకా వాదనలుండేవి. జాన్సెన్ వాటి వెలుగును స్పెక్ట్రోస్కోపులో చూస్తే మెరిసే విడివిడి గీతలు వచ్చాయి. అంటే అవి వేడికి మెరిసే వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్. వాదన అక్కడితో తీరింది. ఆయన గొప్పదనం ఆ తర్వాత ఉంది. ఈ గీతలు ఇంత ప్రకాశంగా ఉన్నాయి కదా, గ్రహణం లేనప్పుడు మాత్రం ఎందుకు కనపడవు అనుకున్నారు. మర్నాడు, ఆగస్టు 19 పొద్దున, మామూలు సూర్యుడి అంచు మీద స్పెక్ట్రోస్కోపు సన్నటి చీలికను నిలిపి చూశారు. గీతలు కనపడ్డాయి! అంతవరకు ఏళ్లకోసారి కొద్ది నిమిషాలు దొరికే దృశ్యం, ఆ రోజు నుంచి ఎండ ఉన్న ప్రతిరోజూ దొరికింది. ఆయన గుంటూరులోనే ఉండి ఆ జ్వాలలు రోజురోజుకూ మారడాన్ని గమనించారు.

ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ ఇదే ఉపాయాన్ని విడిగా ఆలోచించి అక్టోబరు 20న విజయం సాధించారు. గుంటూరు నుంచి జాన్సెన్ రాసిన ఉత్తరం ఓడల మీద ప్రయాణించి పారిస్ చేరేసరికి లాకియర్ వార్త కూడా చేరింది. రెండూ ఒకే రోజు, అక్టోబరు 26న, ఫ్రెంచి సైన్స్ అకాడమీ ముందుకు వచ్చాయి. ఎవరు ముందు అని కొట్లాడుకోలేదు. ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి బొమ్మలూ వేసి ఒకే పతకం చేయించింది.

హీలియం గుంటూరులో దొరికిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ మాటను కొంచెం సరిదిద్దుకోవాలి. గ్రహణంలో ఒక పసుపు గీత చాలామందికి కనపడింది. సోడియం గీత అనుకున్నవాళ్లే ఎక్కువ. అది సరిగ్గా సోడియం చోట లేదు, పక్కన ఉంది అన్న అనుమానం మచిలీపట్నంలో పోగ్సన్ రాసుకున్నదాంట్లో ఉంది. దాన్ని కచ్చితంగా కొలిచి, భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ చెందదని తేల్చింది లాకియర్. సూర్యుడి గ్రీకు పేరు మీదుగా దానికి హీలియం అని పేరు పడింది. 1895లో విలియం రామ్సే ఒక ఖనిజం నుంచి ఆ వాయువును బయటికి తీసేదాకా నమ్మనివాళ్లు ఉన్నారు. ఇవాళ ఎంఆర్ఐ స్కానింగ్ యంత్రాల్లో అయస్కాంతాన్ని చల్లగా ఉంచేది ద్రవ హీలియమే. ఒక మూలకం భూమ్మీద దొరక్కముందే సూర్యుడిలో దొరికింది. ఆ ఆధారాల్లో కొన్ని కృష్ణా, గుంటూరు జిల్లాల్లో నోటు పుస్తకాల్లోకి ఎక్కాయి. గుంటూరుకు ఈ గౌరవం చాలు, లేనిది కలపనక్కర్లేదు.

ఆ గీతల భాష పూర్తిగా చదవడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. 1920లో మేఘనాద్ సాహా వేడికీ, గీతల బలానికీ ఉన్న సంబంధానికి సమీకరణం ఇచ్చారు. దాన్ని పట్టుకుని 1925లో సెసీలియా పేన్ అనే పాతికేళ్ల అమ్మాయి, నక్షత్రాల్లో దాదాపు అంతా హైడ్రోజన్, హీలియమే అని లెక్క తేల్చింది. పెద్దలు నమ్మలేదు. ఆమె చేతే ఆ మాట తగ్గించి రాయించారు. ఆమె చెప్పిందే నిజమని కొన్నేళ్లకు ఒప్పుకున్నారు.

వెలుగు, దూరం

ఇక రెండో ప్రశ్న. రాత్రిపూట పుత్తూరు రోడ్డు మీద నిలబడితే దూరాన వచ్చే లారీ లైటు, దగ్గర్లోని సైకిలు లైటు ఒకేలా కనపడొచ్చు. ఏది లారీయో తెలిస్తేనే అది ఎంత దూరంలో ఉందో చెప్పగలం. నక్షత్రాలతో వచ్చే చిక్కంతా ఇదే. కనపడే వెలుగును కొలవాలి, అసలు వెలుగు ఎంతో తెలుసుకోవాలి. రెంటినీ పోలిస్తే దూరం వస్తుంది.

కనపడే వెలుగుకు కొలమానం ఇచ్చింది పోగ్సనే. గ్రీకుల కాలం నుంచి చుక్కలను ఒకటో తరగతి, ఆరో తరగతి అని కంటి అంచనాతో పిలిచేవాళ్లు. ఒకటో తరగతి చుక్క ఆరో తరగతి చుక్కకు సరిగ్గా వంద రెట్లు వెలుగు అనుకుందాం, అప్పుడు ఒక్కో మెట్టుకు 2.512 రెట్లు తేడా వస్తుంది అని 1856లో ఆయన ప్రతిపాదించారు. ఇవాళ జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో పనిచేసేవాళ్లు కూడా ఆ మెట్లే వాడతారు. 1861లో మద్రాసు వచ్చిన పోగ్సన్, ఆ ఏప్రిల్‌లోనే ఒక గ్రహశకలాన్ని కనిపెట్టి దానికి ఏషియా అని పేరు పెట్టారు. ఈ ఖండం నుంచి కనుగొన్న మొదటి గ్రహశకలం అది. 1891లో చనిపోయేదాకా ఆయన మద్రాసులోనే ఉన్నారు.

ఆయన పక్కన పనిచేసిన రఘునాథాచారిని గురించి ఇంకా ఎక్కువ తెలియాల్సింది. పంచాంగం తెలిసిన కుటుంబం నుంచి వచ్చి, టెలిస్కోపు పట్టి, 1867లో దక్షిణాకాశంలో వెలుగు పెరిగి తగ్గే నక్షత్రాన్ని గుర్తించారు. దాని పేరు ఆర్ రెటిక్యులి. మన అక్షాంశం నుంచి అది దక్షిణ దిక్కున నేలకు దగ్గరగానే తిరుగుతుంది. ఆ అంచులో వెతకడానికి ఎంత ఓపిక కావాలో ఆకాశం చూసే అలవాటున్నవాళ్లకు తెలుసు. శుక్రుడు సూర్యబింబాన్ని దాటే 1874 ఘట్టానికి ముందు, అది ఎందుకు జరుగుతుందో మామూలు జనానికి అర్థమయ్యేలా ఆయన పుస్తకం రాశారు. దేశభాషల్లోకి వెళ్లాలని పట్టుబట్టారు. పాత సూత్రాలతో కట్టిన పంచాంగం ఆకాశంలో కనపడేదానితో కలవనప్పుడు, కనపడేదాన్నే నమ్మాలన్నారు. అలా చూసి సరిచేసిన లెక్కలతో దృగ్గణిత పంచాంగం వేశారు. తిథి ఏ రోజు పట్టాలని ఇప్పటికీ రెండు పంచాంగాల మధ్య తర్జనభర్జన పడే మన ఇళ్లలో ఆయన పేరు వినపడకపోవడం అన్యాయం.

కావలూరు కొండ మీద

అసలు వెలుగు తెలుసుకునే దారుల్లో మొదటిది హెన్రియెటా లెవిట్ 1912లో చూపించారు. కొన్ని నక్షత్రాల వెలుగు ఎన్ని రోజులకోసారి పెరిగి తగ్గుతుందో చూస్తే వాటి అసలు ప్రకాశం తెలుస్తుంది. హబుల్ దాంతోనే ఆండ్రోమెడా మన పాలపుంతలో భాగం కాదని, వేరే గెలాక్సీ అని నిరూపించారు. మరో దారిని 1957లో ఇద్దరు ప్రకటించారు. ఒకరు అమెరికన్ ఓలిన్ విల్సన్. రెండోవారు వేణు బప్పు.

మలయాళీ కుటుంబం, 1927లో మద్రాసులో పుట్టుక, హైదరాబాద్‌లో పెంపకం. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి. నవాబ్ జఫర్ జంగ్ తెప్పించిన 15 అంగుళాల టెలిస్కోపుతో మొదలైన ఆ అబ్జర్వేటరీ, ఆకాశమంతటికీ ఫొటో పటం వేసే అంతర్జాతీయ పథకంలో తన వంతు పట్టీని పూర్తి చేసింది. తండ్రి వెంట రాత్రులు అక్కడ గడిపిన పిల్లాడు హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్ వెళ్లారు. చేరిన ఏడాదే, 1949 జులైలో, ఫొటో పలక మీద కొత్త తోకచుక్కను గుర్తించారు. దాని పేరు బప్పు-బోక్-న్యూకిర్క్.

విల్సన్-బప్పు ఫలితం ఏమిటంటే, చల్లటి నక్షత్రాల వర్ణపటంలో ఊదారంగు కొసన కాల్షియం వేసే నల్లటి వెడల్పు గీత ఉంటుంది. ఆ నలుపు నడుమ సన్నటి వెలుగు చార ఒకటి ఉంటుంది. ఆ చార ఎంత వెడల్పుగా ఉంటే నక్షత్రం అంత ప్రకాశవంతం. అంతే. ఫొటో పలక మీద చార వెడల్పు కొలిస్తే అసలు వెలుగు వచ్చేస్తుంది. దాన్ని పోగ్సన్ మెట్లతో పోల్చితే దూరం వచ్చేస్తుంది. ఒకరు మద్రాసులో ముప్పై ఏళ్లు పనిచేసినవారు, ఇంకొకరు మద్రాసులో పుట్టినవారు. వందేళ్ల ఎడంతో ఇద్దరూ ఒకే లెక్కలో రెండు అంకెలు వేశారు.

అమెరికాలోనే ఉండిపోగలిగి కూడా బప్పు తిరిగొచ్చారు. 1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీ బాధ్యత తీసుకున్నారు. అది 1899లో మద్రాసు నుంచి కొండెక్కిన అబ్జర్వేటరీయే. సూర్యుడికి అది మంచిదే, చుక్కలకు చాలదు. చీకటిగా ఉండే, దక్షిణాకాశం బాగా కనపడే చోటు కోసం వెతికి, జవ్వాది కొండల్లో 725 మీటర్ల ఎత్తున కావలూరును ఎంచుకున్నారు. ఆస్ట్రేలియాకూ దక్షిణాఫ్రికాకూ నడిమి రేఖాంశాల్లో దక్షిణాకాశాన్ని చూడటానికి అప్పుడు పెద్ద టెలిస్కోపులు లేవు. 1972లో అక్కడ మీటరు వ్యాసం టెలిస్కోపు వచ్చింది.

1977 మార్చి 10 రాత్రి యురేనస్ ఒక నక్షత్రం ముందు నుంచి పోవాల్సి ఉంది. కావలూరులో జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి ఆ నక్షత్రం వెలుగును నమోదు చేస్తూ కూర్చున్నారు. గ్రహం ఇంకా చేరలేదు. ఇంతలో వెలుగు ఒక్కసారిగా పడిపోయి, కొన్ని సెకన్ల తర్వాత మళ్లీ యథాస్థితికి వచ్చింది. మబ్బు కాదు, యంత్రం తప్పు కాదు. యురేనస్‌కు కొత్త ఉపగ్రహమేమో అని వాళ్లు నేచర్ పత్రికకు రాశారు. అదే రాత్రి హిందూ మహాసముద్రం మీద విమానంలోంచి చూసిన అమెరికన్ బృందానికి ఇలాంటి కోతలు చాలా కనపడ్డాయి, గ్రహానికి రెండు వైపులా. అన్నీ కలిపి చూస్తే యురేనస్ చుట్టూ వలయాలున్నాయని తేలింది. శనికి తప్ప మరే గ్రహానికీ వలయాలు లేవనుకున్న మూడు వందల ఏళ్ల పాఠం ఆ రాత్రితో మారింది. కావలూరువాళ్ల మొదటి ఊహ నిలవలేదు, రికార్డు నిలిచింది. బప్పు, భట్టాచార్య అదే ఏడాది వలయాల గురించి నేచర్‌లోనే మళ్లీ రాశారు. ఖగోళశాస్త్రం ముందుకు పోయేది ఇలాగే. చూసింది చూసినట్టు రాసిపెట్టాలి, ఊహ మాత్రం మార్చుకోవడానికి సిద్ధంగా ఉండాలి.

1979లో బప్పు అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి భారతీయుడు. ఆయన కలగన్న 2.34 మీటర్ల టెలిస్కోపు అద్దాన్ని విదేశాలకు పంపకుండా బెంగళూరులోనే అరగదీసి నునుపు చేశారు. దాన్ని చూడకుండానే 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో కన్నుమూశారు. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ దాన్ని ప్రారంభించి, టెలిస్కోపుకూ అబ్జర్వేటరీకీ బప్పు పేరు పెట్టారు. మరో రెండేళ్లకు అదే కొండ మీద ఆర్. రాజమోహన్ బృందం ఒక గ్రహశకలాన్ని కనిపెట్టి రామానుజన్ పేరు పెట్టింది. పోగ్సన్ తర్వాత మన దేశం నుంచి అలాంటిది దొరకడానికి వందేళ్లు పట్టింది.

గ్రహణం అక్కర్లేని చోటు

బప్పు 1971లో స్వతంత్ర సంస్థగా నిలబెట్టిన భారతీయ ఖగోళ భౌతిక సంస్థ, వంశావళి చూస్తే, నుంగంబాక్కం స్తంభం దగ్గర మొదలైనదే. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో అతినీలలోహిత టెలిస్కోపు ఆ సంస్థ చేతుల్లోనే తయారైంది. 2023 సెప్టెంబరు 2న సూర్యుడిని గమనించే ఆదిత్య-ఎల్1 వెళ్లినప్పుడు అందులోని ముఖ్య పరికరం వీఈఎల్‌సీ కూడా వాళ్లదే. సూర్యబింబం వెలుగును లోపలే అడ్డుకుని, చుట్టూ ఉండే కరోనాను చూపించే పరికరం అది. 1868లో జాన్సెన్ గ్రహణం లేకుండా జ్వాలలను చూశారు కానీ, కరోనా ఆయనకు దొరకలేదు. దానికి ఇప్పుడు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, వాతావరణం అడ్డులేని చోట, కృత్రిమ గ్రహణం నడుస్తోంది. ఆదిత్య ఆ చోటికి చేరింది 2024 జనవరి 6న. ఉపరితలం కంటే కరోనా వందల రెట్లు వేడిగా ఎందుకుందో ఇంకా పూర్తిగా తేలలేదు. తేల్చడానికి పంపిన పరికరాల్లో అదొకటి. అది పైకి లేచిన నేల నగరి మిద్దెలకు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది.

కావలూరుకు నగరి నుంచి పిల్లలను తీసుకెళ్లడం కష్టమేమీ కాదు. అరక్కోణం, కాట్పాడి మీదుగా వాణియంబాడి దాకా రైలు, అక్కడి నుంచి ఆలంగాయం మీదుగా కొండెక్కే బస్సు. సందర్శకులను శనివారాల్లో రానిస్తారు. మబ్బు లేకపోతే చిన్న టెలిస్కోపులో ఆకాశం చూపిస్తారు. బయల్దేరే ముందు సమయాలు కనుక్కోండి, వానాకాలం వద్దు. స్వెట్టర్లు పెట్టుకోండి, కొండ మీద రాత్రి చలి ఉంటుంది. ఫోన్ల టార్చీలు మాత్రం వెలిగించనివ్వకండి.